పక్క క్లాసు డోర్నకల్ టీచరు

డోర్నకల్ టీచరు పోయిందన్న కబురు నాకంటె ముందు నా బిడ్డకు అందింది. నేనుండేది మహబూబాబాద్‌ల, మేం మానుకోటంటం. డోర్నకల్ మాకు రైలెక్కితే కునుకు తీసేలోపు వచ్చే ఊరు. నా బిడ్డ భారతి ఉండేది భూపాలపల్లిల, అడివి దాటినంక, బొగ్గుబాయిల కాడ. అయినా టెలిగ్రాము అక్కడికే పోయింది. బిడ్డ బస్సెక్కి, రైలెక్కి, తెల్లారంగ మా వాకిట్లకు వచ్చి "అమ్మా, నడువు, టీచరమ్మ పోయింది" అన్నప్పుడు గాని నాకు ఎరుక కాలే.

ఆ మాట వినంగనే దుఃఖం రావాలె. నాకు దుఃఖం కంటె ముందు కడుపుమంట వచ్చింది. ఆమెతోని ఒక తడకకు అటూ ఇటూ నిలవడి పాఠాలు చెప్పింది నేను. ఒకే గల్లీల కాపురమున్నది నేను. చచ్చిపోయేటప్పుడు గూడ ఆమె మనుషులకు నా బిడ్డ అడ్రసే యాదికొచ్చిందా?

ఆమె పేరు రాయను. మా బడి పిల్లలందరికి ఆమె డోర్నకల్ టీచరే. నాకు గూడ అంతే.

ఆమె మా ఆడపిల్లల హైస్కూలుకు బదిలీ మీద వచ్చేనాటికి నేను ఆడ ఇంగ్లీషు చెప్పబట్టి చాన ఏండ్లైంది. నేను పుట్టి పెరిగింది జనగామల. నా చదువంత ఉర్దూల నడిచింది. ఇంగ్లీషు గ్రామరును మా మేనమామ బెత్తం ముందు కూసోని కంఠస్తం చేసిన. ఏ రూలు అడిగినా నిద్రల లేపినా చెప్త. కని ఇంగ్లీషు మాట్లాడే మనిషిని పెద్దయ్యేదాక కండ్లతోని చూడలే. ఆమె సంగతి వేరు. తండ్రి రైల్వేల పనిచేసిండు. తను మిషను బోర్డింగుల పెరిగింది. తెల్ల దొరసానుల నోటెంట ఇంగ్లీషు విన్నది. నేను పుస్తకంల వెతుక్కున్న భాష ఆమె చెవులల్ల పుట్టి పెరిగింది. మొదటి దినం స్టాఫురూంల ఆమె "గుడ్ మార్నింగ్" అన్న తీరుకే నా లోపల ఏదో కలుక్కుమన్నది. నేనూ అన్న గుడ్ మార్నింగ్. నాది బోర్డు మీద రాసినట్టున్నది.

పొట్టి మనిషి. తెల్లచీర, సన్న అంచు. కొంగు చివర ఎప్పుడూ ఒక సుద్దముక్క ముడేసుకునేది, పాన్ నమిలేటోళ్లు వక్క దాచుకున్నట్టు. బజారుకు పోయినా, చర్చికి పోయినా ఆ ముడి ఉండేది. చాయ్ కప్పుల తాగేది కాదు. సాసర్ల పోసుకొని, ఊదుకుంట, అందరం తాగి లేచి పోయినంక గూడ తాగుతనే ఉండేది. ఎవరేది అడిగినా ముందు "ఆగు, జర ఆగు" అనేది. జవాబు తెల్వక కాదు. అడిగినోళ్లు ఇంకోపారి తమంతట తామే ఆలోచన చెయ్యాలని. చానసార్లు పిల్లలు ఆ ఆగిన జాగల్నే జవాబు పట్టుకునేది. పేపర్లు దిద్దేటప్పుడు మాత్రం కనికరం లేదు. "తప్పు జేస్తే దేవుడు మాఫ్ జేస్తడు, నేను జెయ్య" అని ఎర్రపెన్ను మూత తీసేది.

మా రెండు క్లాసుల నడుమ వెదురు తడక ఒక్కటే అడ్డం. ఈ పక్క నేను సిన్స్‌కు, ఫర్‌కు తేడా చెప్తున్న. పాయింట్ ఆఫ్ టైమ్, పీరియడ్ ఆఫ్ టైమ్ అని బోర్డు మీద రాసిన. పిల్లలు నోటుబుక్కులల్ల ఎక్కించుకుంటున్నరు. ఎక్కించుకున్నది వాళ్ల తలకాయలకెక్కుతలేదు. ఆ పక్కకెల్లి ఆమె గొంతు వినపడ్డది.

"మీ ఇంట్ల బర్రె ఉన్నదా?"

"ఉన్నది టీచర్!"

"ఎట్ల కడుతరు?"

"గూటం పాతి, తాడేసి కడుతం."

"ఇగ, సిన్స్ అంటే గూటం. యాడ పాతినవో గాడనే ఉంటది. సిన్స్ మండే. సోమవారం నాడు పాతినవ్. ఫర్ అంటే తాడు. ఎంత పొడుగున్నదో చెప్పాలె. ఫర్ త్రీ డేస్. గూటాన్ని కొలుస్తరా?"

"కొలువరు!"

"తాడును పాతుతరా?"

పిల్లలు పకపక నవ్విన్రు. నా క్లాసు పిల్లలు గూడ తడక దిక్కు తిరిగి నవ్విన్రు. బయ్యారం దిక్కు మాకు పొలం, ఇంటెనక ఎడ్లు, బర్లు, పెద్ద కొట్టం ఉండె. పెండ్లైనకాడికెల్లి పొద్దున లేస్తే గూటాలు, తాళ్లు చూసుకుంట బతుకుతున్నదాన్ని నేను. రైల్వే క్వార్టరుల పెరిగిన మనిషికి తట్టింది నాకెందుకు తట్టలే? ఆ దినం ఇంటికి పోయినంక కొట్టంల ఉన్న గూటాన్ని చూస్తే నాకు ఎంత కోపమొచ్చిందో చెప్తే నవ్వుతరు.

వినడానికి ఇంగ్లీషుల రెండు మాటలున్నయి. అది గూడ ఆమె అట్లనే చెప్పింది. "క్లాసుల కూసుంటె రైలు కూత అదే వచ్చి చెవుల పడ్తది. గది హియర్. మీ నాయిన ఆ రైలుకు వస్తడని చెవి ఒగ్గి కూసుంటె, గది లిజన్." అప్పటికెల్లి నాకు ఒకటి తెలిసొచ్చింది. తడక అవతలి ఆమె పాఠాన్ని నేను హియర్ చేస్తలేను. లిజన్ చేస్తున్న. నా పాఠం నడుమ ఆపి మరీ.

తప్పు దొరకదా అని చూసేదాన్ని. ఒకనాడు దొరికింది. వరండాల పోతుంటె ఆమె బోర్డు మీద "ద డాక్టర్ గేవ్ హిమ్ మెనీ ఎడ్వైసెస్" అని కనపడ్డది. నాకు పండుగైంది. చెప్పులు ఇప్పకుంటనే లోపలికి పోయిన.

"టీచర్, ఎడ్వైస్‌కు బహువచనం ఉండది," అన్న, పిల్లలందరు వినేటట్టు.

ఆమె బోర్డు దిక్కు చూసింది. "ఆగు, జర ఆగు," అన్నది, నాతోని కాదు, తనతోనే. తర్వాత నాలుక కరుసుకున్నది. "అవునక్కా. ఎట్ల రాసిన నేను!"

నేను ఇంకా గెలుపు రుచి చూడలే, ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకొని ముందు బెంచి మీదికెక్కి నిలవడ్డది.

"పిల్లలూ, తప్పు జేసినోళ్లు ఏడ నిలవడాలె?"

"బెంచి మీద!" క్లాసు క్లాసంత లేచింది.

"నేను జేసిన. పెద్ద టీచర్ పట్టుకున్నది. ఎందుకు తప్పో ఆమెనే అడుగున్రి."

పిల్లలు నా దిక్కు తిరిగిన్రు. అది అన్‌కౌంటబుల్ నౌన్ అని చెప్పిన. ఏ ముఖంల ఏం కనపడలే. అప్పుడు బెంచి మీదికెల్లి ఆమె, "నీళ్లను లెక్కవెడుతరానే? చెంబులను లెక్కవెడుతరు. ఎడ్వైస్ నీళ్లసొంటిది. మీ ఇంట్ల ముసలమ్మ పొద్దటిసంది ఇచ్చేదంత కలిపి ఒక్కటే ఎడ్వైస్. అది పారుతనే ఉంటది. ఎస్ పెట్టి యాడ తెంపుతవ్?" అన్నది.

ఆ తర్వాత మా బడిల ఎడ్వైస్‌కు ఎస్ తగిలించిన పిల్ల నేనెరిగి లేదు. ఏ పిల్లనడిగినా "టీచర్ బెంచి ఎక్కింది గదా, గట్ల యాదికుంటది" అనేది. తప్పు పట్టుకున్నది ఎవరని ఎవరూ అనలే. గెలిచింది నేను, పేరు ఆమెది. దొరికిపోయినా ఆమెనే గెలుస్తదని ఆనాడు అర్థమైంది.

ఇగ నా అసలు మంట సంగతి. మా భారతి నా క్లాసులనే చదివేది. ఇంగ్లీషు టీచరు బిడ్డ ఇంగ్లీషుల తప్పింది. మూడు నెలల పరీక్షల తప్పింది, ఆరు నెలల పరీక్షల తప్పింది. ఇంట్ల కూసోబెట్టి చెప్తే కండ్లల్ల నీళ్లు పెట్టుకునేది. నేను గొంతు పెంచేదాన్ని. మా ఇంటాయన పంచాయతి సమితి రాజకీయాలు, మిరపతోట చూసుకునేటోడు. పొలం నుంచి వచ్చి "బడిల పిల్లలందరికి చెప్తవ్, ఇంట్ల ఒక్కదానికి చెప్పలేవా?" అనేటోడు. ఆ మాట నాకు చురకపెట్టినట్టుండేది.

గంతల తెలంగాణ లొల్లి మొదలైంది. అరవైతొమ్మిది. బడులన్ని బంద్ పెట్టిన్రు. రైళ్లు ఎప్పుడు నడుస్తయో, ఎప్పుడు నిలుస్తయో తెల్వది. పిల్లలు ఇండ్లల్ల ఊకె కూసున్నరు. భారతి మాత్రం దినం మాపటీలి కుట్లు నేర్చుకునుడుకు దోస్తు ఇంటికని పోయేది. నేను సరే అనుకున్న.

ఒకనాడు కాలేజీ పోరగాండ్లు నలుగురైదుగురు మా గల్లీలకు వచ్చిన్రు. పెద్దాఫీసరుకు ఇచ్చెటందుకు ఇంగ్లీషుల అర్జీ రాయించుకోవాల్నని తిరుగుతున్నరని ముందే విన్న. వాళ్లను చూసి కండ్లద్దాలు తుడుసుకొని గడప కాడికొచ్చి నిలవడ్డ. మా ఇల్లు దాటితే ఆమె ఇల్లు. పోరగాండ్లు నాకు నమస్తే పెట్టిన్రు. నమస్తే పెట్టి, ముంగటికి పోయిన్రు.

నా కాళ్లు ఇంట్ల నిలువలే. పాలకు తోడు కావాల్నన్న సాకుతోని చిన్న గిన్నె పట్టుకొని ఆమె ఇంటికి పోయిన.

వరండాల చాప మీద ఆడపిల్లలు కూసున్నరు. పక్కన పోరగాండ్లు నిలవడ్డరు. ఒకడు తను రాసుకొచ్చింది సదువుతున్నడు. "దే ఆర్ స్టీలింగ్ అస్."

"ఆగు, జర ఆగు," అన్నది ఆమె. "మిమ్ములనే స్టీల్ చేస్తే మీరు ఈడెట్ల ఉన్నరు? స్టీల్ అంటే సామాను ఎత్తుకపోవుడు. రాబ్ అంటే మనిషిని దోసుకునుడు. మీ కొలువులను స్టీల్ చేసిన్రా, మిమ్ములను రాబ్ చేసిన్రా? ఏం రాస్తరు?"

ఆ పోరడు జర సేపు ఆలోచన చేసిండు. "రెండూ చేసిన్రు టీచర్."

"అయితే రెండూ రాయి."

పోరగాండ్లు నవ్వలే. తలకాయలు వంచి రాసుకున్నరు. వాళ్లు పోయేటప్పుడు ఆమె కాళ్లకు మొక్కినంత పని చేసిన్రు. అప్పుడు కనపడ్డది నాకు, చాప మీద ఎనక వరసల, తల దాసుకోని కూసున్న నా బిడ్డ.

పిల్లలందర్ని పంపించేదాక ఆగిన. ఆగినంక ఆగలే.

"నా బిడ్డను నీ దగ్గర పెట్టుకునుడేంది?"

"పిల్లనే వచ్చిందక్కా."

"వస్తే ఎనకకు పంపాలె. నేను ఇంగ్లీషు టీచర్ను. నా బిడ్డ పక్కింట్ల ఇంగ్లీషు నేర్చుకుంటున్నదంటె ఊర్ల నా ముఖం ఏడ పెట్టుకోవాలె?"

"ఆగు, జర ఆగు. బదులు తీసుకున్న అనుకోరాదు? బారో. తీసుకున్నది మళ్ల ఇచ్చెయ్యాలె, గదే బారో. ఉంచుకునేటట్టుంటె ఆ మాట వాడొద్దు."

నాకు ఒళ్లు మండింది. కొట్లాటల గూడ పాఠమే. "నేను లెండ్ చెయ్యలే," అన్న. "ఇయ్యకముందే తీసుకుంటె గది స్టీల్!"

ఆమె ముఖం వెలిగింది. నిజంగ వెలిగింది. "కరెక్టక్కా! ఎంత కరెక్టుగ వాడినవ్!" అన్నది. క్లాసుల ఎనక బెంచి పిల్ల మొదటిసారి జవాబు చెప్తే మెచ్చుకున్నట్టు.

నేను బిడ్డ రెక్క పట్టుకొని బయటికొచ్చిన. తోడు గిన్నె ఆడనే మరిచిన.

ఇంట్ల అడిగిన, "నేను చెప్పేది ఏం తప్పే?" అని. భారతి గోడకు ఆనుకొని కూసున్నది. తర్వాత, "తప్పు కాదమ్మా. నీ దగ్గర తప్పు జేస్తనేమోనని భయమైతది. ఆడ తప్పు జేస్తె నవ్వొస్తది. గంతే," అన్నది.

తెల్లారి మాపటీలి అది చెప్పులు తొడుక్కున్నది. నేను పో అనలే, వద్దు అనలే. బియ్యం ఏరుకుంట కూసున్న. చెప్పుల చప్పుడు గల్లీల ఎటు మళ్లిందో మాత్రం విన్న.

బడులు తెరిచినంక, పరీక్షలు గడిచినంక, భారతి పాసైంది. ఇంగ్లీషుల క్లాసు మొత్తంల అందరికంటె మీద నిలిచింది. ఆ కబురు ఎరుకైన దినం నేను నోట్ల చక్కెర పోద్దామని గిన్నె పట్టుకొని వాకిట్ల నిలవడ్డ. అది బడి నుంచి ఉరుక్కుంట వచ్చింది. నన్ను చూసి చెయ్యి ఊపింది. ఊపి, మా గడప దాటి పక్కింటికి ఉరికింది. వచ్చిందిలే మళ్ల, జరసేపటికి. చక్కెర తిన్నది. అప్పటికే దాని మూతికి బెల్లం ముక్క అంటి ఉన్నది.

ఇంకో రెండేండ్లకు మా ఇంటాయన జనగామ దిక్కు ఒక సంబంధం చూసిండు. మంచోళ్లే. కని పిల్లను చదివియ్యరు, కొలువు చెయ్యనియ్యరు. భారతికి హన్మకొండ పోయి కాలేజీల చదవాల్నని ఉన్నది. నాతోని చెప్పలే. నేను వాళ్ల నాయిన మాటకు ఎదురుచెప్పంగ అది పుట్టినకాడికెల్లి చూడలే. అందుకే పక్కింటికి పోయి ఆమెకు చెప్పుకున్నది. "మా బాపుతోని నువ్వు మాట్లాడు టీచర్" అని అడిగిందట. నాకు తర్వాత ఎరుకైంది.

ఆదివారం నాడు, చర్చి నుంచి వచ్చినంక, ఆమె మా ఇంటికొచ్చింది. అంతకుముందు ఆమె మా గడప లోపలికి రాలే. మా ఇంటాయన "కిరస్తానీ పంతులమ్మ" అనేటోడు, ఎనక. ముంగట మాత్రం లేచి కుర్చీ ఏసిండు. నేను చాయ్ పెట్టిన. పనోళ్లకు, పైవాళ్లకు ఇచ్చే గ్లాసు వేరే ఉండేది మా ఇంట్ల. ఆ గ్లాసు తియ్యలే. మా పింగాణీ కప్పు, సాసరు తీసిన. మా ఇంటాయన కప్పును చూసిండు, నన్ను చూసిండు.

ఆమె సాసర్ల పోసుకొని ఊదుడు మొదలుపెట్టింది. ఈ ఏడు మిరపకు ముడత వచ్చిందా అని అడిగింది. కొత్తగూడ దిక్కు వానలెట్లున్నయని అడిగింది. ఎడ్ల గిట్టల సంగతి అడిగింది. నేను తలుపు పక్కన నిలవడి చూస్తున్న. బిడ్డ లోపటి అర్రల ఊపిరి బిగపట్టుకొని ఉన్నది. అప్పుడు నాకు సమజైంది, ఈమె ఎందుకొచ్చిందో. ఇప్పుడు ఈమె నోరు తెరుస్తది. మంచిమాట ఒకటి, గూటమో తాడో పోలిక పెట్టి చెప్తది. మా ఇంటాయన మెత్తబడుతడు. నా బిడ్డ బతుకు ఆమె మాటతోని నిలవడుతది. జల్మంత నా బిడ్డ "టీచర్ చెప్పబట్టి చదువుకున్న" అనే చెప్పుకుంటది.

మా ఇంటాయననే మాట కలిపిండు. "పిల్లకు సంబంధం చూస్తున్నం టీచరమ్మా. ముహూర్తం పెట్టుకోవాల్ననుకుంటున్నం. మీరేమంటరు?"

ఆమె సాసరు కిందికి దించింది. "ఆగున్రి, జర ఆగున్రి..."

"సంబంధం గింబంధం ఏం లేదు," అన్న నేను.

ఆ మాట నా నోటినుంచే వచ్చిందని నాకే ఎరుకయ్యెటందుకు జరసేపు పట్టింది. ఇద్దరు నా దిక్కు చూసిన్రు.

"పిల్ల హన్మకొండ పోతది. చదువుతది. కొలువు చేస్తది. పెండ్లి సంగతి తర్వాత."

"ఏందే, నడుమ నువ్వెవరు చెప్పెటందుకు?" మా ఇంటాయన గొంతు లేసింది.

"తల్లిని. ఆమెనెందుకు అడుగుతవ్? నన్నడుగు. నేనూ టీచర్నే. నా జీతంతోని చదివిస్త."

ఆయన లేచిండు. మళ్ల కూసున్నడు. పైమనిషి ముంగట ఏమంటడు? కుర్చీ చేతుల మీద వేళ్లు కొట్టుకుంట, "సూద్దాం," అన్నడు. మా ఇంట్ల "సూద్దాం" అన్నడంటె సగం ఒప్పుకున్నట్టే. లోపటి అర్రల భారతి ఏడుస్తున్న చప్పుడు వినపడ్డది.

డోర్నకల్ టీచరు మిగిలిన చాయ్ సాసర్ల ఒంపుకున్నది. నెమ్మదిగ, చుక్క మిగల్చకుంట తాగింది. "మీ మిరపకు బూడిద చల్లి చూడున్రి అన్నా," అని లేచింది.

వాకిలి దాక నేను ఎంట పోయిన. "ఏం చెప్పాల్నని వచ్చినవ్ నువ్వు?" అని గట్టిగ అడిగిన.

"చాయ్ తాగుదామని వచ్చినక్కా," అన్నది. నవ్వలే. కొంగు సవరిచ్చుకొని పోయింది.

ఇప్పటికీ నాకు తెల్వది. నిజంగ ఆమె మాట్లాడుదామనే వచ్చిందా? లేకుంటె నా ఓర్వలేనితనం ఎరిగి, ఊకె కూసుంటె నేనే నోరు తెరుస్తనని ఎరిగి, మిరపతోట గురించి మాట్లాడుకుంట కూసున్నదా? నా బతుకుల నేను మాట్లాడిన గట్టి మాట ఆ దినందొక్కటే. అది గూడ ఆమె రాబట్టిన జవాబేనేమో అనుకుంటె నా కడుపుమంట ఇంకింత లేస్తది.

భారతి చదివింది. ఇంగ్లీషు టీచరే అయింది. భూపాలపల్లిల కొత్తగ బొగ్గుబాయిలు తవ్వుతున్నరు, మనుషులు కుప్పలు తెప్పలుగ వస్తున్నరు, బళ్లు తెరుస్తున్నరు. ఆడ కొలువు దొరికింది, ఆడనే ఒక మంచి మనిషిని చేసుకున్నది. నేను ఒకసారి దాని క్లాసు ఎనక కూసోని చూసిన. లెండ్ అనేటప్పుడు చెయ్యి ముంగటికి చాపింది. బారో అనేటప్పుడు చెయ్యి గుండె దిక్కు తెచ్చుకున్నది. పిల్లోడు ప్రశ్న అడిగితే "ఆగు, జర ఆగు" అన్నది. నా కడుపున పుట్టి, నా ముక్కు, నా కండ్లు తెచ్చుకొని, చేతులు మాత్రం ఆమెవి తెచ్చుకున్నది.

అప్పటికి ఆమె రిటైరు కాకముందే ఒంట్ల బాగలేక కొలువు ఇడిసి డోర్నకల్‌కు పోయింది. సెలవులకు భారతి భూపాలపల్లి నుంచి వచ్చేది. కాజీపేటల రైలెక్కితే ముందు మానుకోట వస్తది, తర్వాత డోర్నకల్. మా పక్కింటోళ్లు ఒకపారి చెప్పిన్రు, "మీ భారతి రైల్ల కనపడ్డది, ఈడ దిగకుంట ముంగటికి పోయిందేంది?" అని. ముందు డోర్నకల్ పోయి, ఆమెను చూసి, మళ్ల ఎనకకు రైలెక్కి మా ఇంటికి వచ్చేదన్నట్టు. అది రాంగనే కాళ్లకు నీళ్లిచ్చిన. అన్నం పెట్టిన. కూర ఇంకో గరిటె ఎక్కువనే వేసిన.

ఆమెకు గొంతుల జబ్బని, దవాఖానల కోసి తీసిన్రని, మాట పోయిందని విని ఒకసారి నేనే డోర్నకల్ పోయిన. మాట లేని మనిషి ఇగ పాఠం ఏం చెప్తది అనుకున్న. ఆ అనుకున్నదాంట్ల జర నెమ్మది గూడ ఉండె, దాయను.

పోయేసరికి ఆమె వాకిట్ల రైల్వే పిల్లలు గుంపుగ కూసున్నరు. ఆమె మంచం మీద ఆనుకొని కూసున్నది. మెడకు గుడ్డ చుట్టి ఉన్నది. నన్ను చూసి చేతులెత్తింది. పక్కకు జరిగి జాగ ఇచ్చింది. తర్వాత పిల్లల దిక్కు తిరిగి, కండ్లు పెద్దవి చేసి దూరం చూసింది. పిల్లలు "లుక్!" అన్నరు. కండ్లను అటూ ఇటూ నెమ్మదిగ నడిపించింది, ఏదో కదిలేది చూస్తున్నట్టు. "వాచ్!" అన్నరు. తర్వాత ఏం చెయ్యకుంట ఊకె కండ్లు తెరిచి కూసున్నది. పిల్లలకు అందలే. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నరు. ఆమె నా దిక్కు తిరిగింది.

"సీ," అన్న నేను. "చూడాల్నని చూస్తలేదు. కండ్లున్నయి గన్క కనపడుతున్నది. గది సీ."

ఆమె తల ఊపింది. చేత్తోని ఇంకో సైగ చేసింది. నేను దాని మాట చెప్పిన. ఆ మాపటీలంత గట్లనే గడిచింది. ఆమె చేతులు, నా గొంతు. నా పిల్లలు ఎన్నడూ నా పాఠం అంత చెవి ఒగ్గి వినలే. తిరుగు రైల్ల కూసున్నంక నాకు తట్టింది, ఆ రైల్వే పిల్లలు నా మాట వింటున్నరు గాని కండ్లు ఆమె చేతుల మీదనే ఉన్నయని.

ఇగ భారతి ఎంట నేను డోర్నకల్ చేరేసరికి చర్చిల ప్రార్థన అయిపోయింది. సమాధుల తోటల జనం నిండిన్రు. మా బడిల చదివిన ఆడపిల్లలు, పెద్దవాళ్లై, సంకల పిల్లలతోని వచ్చిన్రు. భారతి అందర్ని జరుపుకుంట ముంగటికి పోయింది. గుంత పక్కన మోకాళ్ల మీద కూలవడి ఏడ్చింది. నా బిడ్డ అట్ల ఏడ్వంగ నేను చూడలే. వాళ్ల నాయిన పోయిన్నాడు గూడ ఇంత ఏడ్వలే. నేను పోతే ఇంత ఏడుస్తదా? ఆడ నిలవడి, నిజంగ, నేను ఆలోచించింది గదే.

నా పక్కన నిలవడ్డ ముసలామె అడిగింది, "ఎవరమ్మా ఆ పిల్ల? టీచరమ్మ బిడ్డనా?"

"కాదు. నా బిడ్డ," అన్న. ఎంత గట్టిగ అన్ననంటె ముంగట నిలవడ్డోళ్లు ఎనకకు తిరిగి చూసిన్రు.

టీచరు అన్న కొడుకు మట్టి వేసిండు. తర్వాత పాదిరయ్య తతిమ్మోళ్లను వెయ్యమన్నడు. నేను పోయిన. వంగి పిడికిట్ల మట్టి తీసుకున్న. చెయ్యి చాపిన. పిడికిలి తెరుచుకోలే. ఇగ ఏడుపు నోరు తెరుచుకొని బయటికొచ్చింది. ఎవరి చావుకూ నేను అట్ల ఏడ్వలే. తల్లి చావుకు గూడ. మట్టి చేతులనే ఉన్నది.

భారతి గుంత కాడి నుంచి లేచి వచ్చింది. రెండు చేతులతోని నన్ను పట్టుకున్నది. "ఊకో అమ్మా, ఊకో. నేనున్న," అన్నది. నా తలను తన భుజానికి ఆనిచ్చుకున్నది. పిల్లలు పెద్దలు అందరు చూస్తున్నరు. అది మళ్ల గుంత దిక్కు తిరగలే. నన్నే పట్టుకొని నిలవడ్డది.

ఆమెను ఇడిసి నా దిక్కు వచ్చింది నా బిడ్డ. సంబురపడదామని తలెత్తిన. ఎవరి మీద గెలిచిన్నో ఆ మనిషి మీద అప్పటికే పారలతోని మట్టి లాగుతున్నరు.